ఎస్టీమ్: వేడెక్కాక ఐడిల్ ఊగుతోంది, బ్రేక్ పెడల్ గట్టిపడుతోంది

ప్రశ్న (హైదరాబాద్):

బండి 2001 మారుతి ఎస్టీమ్ కారు, 1.3 పదహారు వాల్వుల ఇంజన్. నాన్న కొన్నది, అమ్మే ఆలోచన లేదు. మూడు నెలల క్రితం కోన్ ఫిల్టర్ (గాలి ఎక్కువ లాగే ఎయిర్ ఫిల్టర్), హెడర్స్‌తో (ఇంజన్ నుంచి పొగ తీసుకెళ్లే పైపులు) ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేయించాను. పోయిన నెల క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) రీగ్రైండ్ చేయించాను, అంటే మళ్లీ అరగదీయించాను. పొద్దున స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుంది. ఓ పది కిలోమీటర్లు తిరిగి ఇంజన్ వేడెక్కిందంటే, సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు) ఆర్‌పీఎం 800 నుంచి 1600కి ఎక్కడం, మళ్లీ పడిపోవడం. ఏసీ వేస్తే ఆగిపోతుంది. నిన్న పంజాగుట్టలో అలాగే ఆగిపోయింది. వెనకాల బస్సు, పక్క సీట్లో అమ్మ. చాలా టెన్షన్ పడ్డాను. ఇంకో సంగతి, రెండుసార్లు బ్రేక్ తొక్కితే పెడల్ రాయిలా అవుతోంది.

మెకానిక్ ఐడిల్ వాల్వు, ప్లగ్గులు మార్చాడు, థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) కడిగాడు. తేడా లేదు. నేనే వ్యాక్యూమ్ గేజ్ (ఇంజన్ గాలి పీల్చే బలం చూపే మీటరు) కొని పెట్టి చూశాను. 11, 12 ఇంచుల దగ్గర ఊగుతోంది. 17 నుంచి 21 ఉండాలంటారు కదా? ఇప్పుడు ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) మార్చమంటున్నాడు.

జవాబు (విజయవాడ, ఆటోనగర్):

ఈసీయూ జోలికి వెళ్లకు తమ్ముడూ. ఆ 17–21 లెక్క సముద్రమట్టానిది. వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒక ఇంచు చొప్పున తగ్గుతుంది. మా విజయవాడలో 19 చూపించే ఇంజన్ మీ హైదరాబాద్‌లో 17 చూపిస్తుంది, అది రోగం కాదు. పైగా క్యామ్ మార్చావు. ఓవర్‌ల్యాప్ (గాలి లోపలికొచ్చే వాల్వు, పొగ బయటికెళ్లే వాల్వు రెండూ ఒకేసారి తెరిచుండే సమయం) పెరిగితే ఐడిల్‌లో వ్యాక్యూమ్ ఇంకా దిగుతుంది. 14, 15 వస్తే నేనైతే సంతోషిస్తాను. 11 మాత్రం తక్కువే.

నీ బండిలో ఉన్నది మ్యాప్ సెన్సర్, అంటే మానిఫోల్డ్‌లో (ఇంజన్‌లోకి గాలి తీసుకెళ్లే గొట్టాలు) ప్రెషర్ కొలిచేది. ఎక్కడైనా దొంగగాలి దూరితే మానిఫోల్డ్‌లో ప్రెషర్ పెరుగుతుంది, దాన్నిబట్టి ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, ఆర్‌పీఎం లేస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా ఆర్‌పీఎం ఎక్కువుంటే, బండి గేర్లో దొర్లుతోందనుకుని పెట్రోల్ కట్ చేస్తుంది. పడిపోగానే మళ్లీ పోస్తుంది. నువ్వు చూస్తున్న ఊగుడు అదే.

పెడల్ గట్టిపడుతోందన్నావు చూడు, అక్కడ మొదలుపెట్టు. పెడల్‌ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్ ఈ మానిఫోల్డ్ వ్యాక్యూమ్‌తోనే పనిచేస్తుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ వేడిగా ఊగుతున్నప్పుడే బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే లావుపాటి గొట్టాన్ని, మానిఫోల్డ్ మొదట్లో గుడ్డ చుట్టి, ప్లయర్స్‌తో గట్టిగా నొక్కు. గేజ్ ముల్లు లేస్తే దొంగ దొరికినట్టే. లేవకపోతే మిగతా గొట్టాలు ఒక్కొక్కటే నొక్కుతూ పో. కార్బ్ క్లీనర్ కొట్టి చూడమనేవాళ్లు ఉంటారు. వేడి హెడర్స్ మీద పడితే మంటలు లేస్తాయి, దయచేసి ఆ పని చెయ్యకు.

జవాబు (వరంగల్):

క్యామ్ పెట్టేటప్పుడు టైమింగ్ బెల్ట్ (క్యామ్‌ని తిప్పే పళ్ల బెల్ట్) ఒక పన్ను తప్పిందేమో కూడా చూపించండి. అలా తప్పితే ముల్లు తక్కువలోనే కదలకుండా నిలబడుతుంది. మీది ఊగుతోంది, చల్లగా ఉన్నప్పుడు బాగుంటోంది కాబట్టి అది కాదనే అనుకుంటున్నాను. ఇంకొకటి, కోన్ ఫిల్టర్ పెట్టినవాళ్లు వాల్వ్ కవర్ మీది బ్రీదర్ గొట్టాన్ని (ఇంజన్ లోపలికి గాలి ఆడే గొట్టం) ఊరికే వదిలేస్తారు. అది థ్రాటిల్‌కి ముందుది, ఐడిల్ చెడదు. కానీ మన రోడ్ల దుమ్మంతా ఇంజన్ ఆయిల్లోకి పోతుంది.

మళ్లీ హైదరాబాద్ నుంచి, మూడు రోజుల తర్వాత:

అన్నా, దొరికింది! మీరు చెప్పినట్టే బూస్టర్ గొట్టం నొక్కాను. ముల్లు 11 నుంచి 15కి లేచింది, ఆర్‌పీఎం 900 దగ్గర నిలబడిపోయింది. విప్పి చూస్తే బూస్టర్ వైపు క్లిప్పు అంచు కింద గోరంత చీలిక. చల్లగా ఉన్నప్పుడు వేళ్లతో వంచినా కనపడలేదు. వేడినీళ్లలో ముంచి వంచితే నోరు తెరిచింది.

రాణిగంజ్‌లో మొదటి షాపులో పెట్రోల్ పైపు ఇవ్వబోయారు. దాని గోడ పల్చన, పీల్చితే ముడుచుకుపోతుంది. బూస్టర్ గొట్టమే కావాలని అడిగి తెచ్చాను. దాంట్లోని వన్‌వే వాల్వు ఊది చూశాను, ఒకవైపే గాలి పోతోంది, బాగుంది.

వరంగల్ అన్నగారూ, బ్రీదర్ నిజంగానే వదిలేసి ఉంది. చిన్న ఫిల్టర్ తగిలించాను. బెల్ట్ గుర్తులు ఆదివారం చూపిస్తాను.

నిన్న ఎండలో ఏసీ వేసుకుని అమ్మతో ఎల్బీనగర్ దాకా వెళ్లొచ్చాం, ఒక్కసారీ ఆగలేదు. ఇంటికొచ్చి ఇంజన్ ఆపాక కూడా పెడల్ రెండుసార్లు మెత్తగా దిగింది.