పాపకి బార్బీ ఇవ్వొచ్చా, దాచేయాలా?

అమ్ములు వాళ్ళమ్మ:
మా పాపకి ఆరేళ్ళు. పుట్టినరోజుకి వాళ్ళత్త బార్బీ ఇచ్చింది. మొన్న స్నానం చేయిస్తుంటే పొట్ట లోపలికి లాక్కుని "అమ్మా, నాకు పొట్ట ఎందుకుంది, బార్బీకి లేదుగా" అంది. అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్. పైగా ఇంకో గౌను, కారు, బార్బీ ఇల్లు అని రోజూ గొడవ. మీ ఇళ్ళల్లో ఏం చేశారు?

కావలి కోడలు:
మీ భయం ఉత్తదేం కాదండీ. 2006లో వచ్చిన ఒక ఇంగ్లండ్ పరిశోధనలో 5 నుంచి 8 ఏళ్ళ ఆడపిల్లలకి బొమ్మల పుస్తకాలు చూపించారు. కొందరికి బార్బీ ఉన్నవి, కొందరికి కాస్త ఒళ్ళున్న ఎమ్ అనే బొమ్మ ఉన్నవి, కొందరికి ఇలాంటి ఆటబొమ్మలేవీ లేనివి. చిన్నపిల్లల్లో బార్బీని చూసినవాళ్ళకే తమ ఒళ్ళు నచ్చలేదు, ఇంకా సన్నబడాలనిపించింది. వాళ్ళలో కాస్త పెద్దపిల్లల్లో మాత్రం ఆ తేడా కనపడలేదు. మీ పాపది సరిగ్గా ఆ లేత వయసే.

శ్రీలత:
నేను ఒప్పుకోను. బార్బీ రాకముందు అమెరికాలో ఆడపిల్లలకి ఎక్కువగా దొరికేవి జోకొట్టే పసిపాప బొమ్మలే, ఎదిగిన అమ్మాయిగా ఊహించుకోడానికి ఒక బొమ్మ ఉండాలనే రూత్ హ్యాండ్లర్ అనే ఆవిడ 1959లో బార్బీని తెచ్చింది. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టకముందే, 1965లో, బార్బీ వ్యోమగామి అయింది. అయినా రోజూ అద్దం ముందు "లావైపోయాను" అనేది మనమే కదా, పిల్లలు అది వినరా?

రెండు జడల అమ్మ:
శ్రీలత గారూ, అద్దం మాట నిజమే. కానీ అదే 1965లో వచ్చిన ఇంకో బార్బీ సెట్‌లో గులాబీ రంగు బరువు చూసుకునే మిషన్ ఉంది, ముల్లు ఎప్పుడూ 110 పౌండ్ల దగ్గరే, అంటే 50 కిలోలు. దాంతోపాటు బరువు తగ్గడం ఎలాగో చెప్పే బుల్లి పుస్తకం, వెనక అట్ట మీద "తినొద్దు" అని! వ్యోమగామిని, ఆ మిషన్‌ని అమ్మింది ఒకే కంపెనీ.

కొనమనే గొడవ కూడా బొమ్మతోనే పుట్టింది. మొదట్లో బొమ్మ 3 డాలర్లు, బట్టలు వేరేగా కొనాలి, అసలు వ్యాపారం అక్కడే. 2016లో పొడుగు, పొట్టి, బొద్దు బార్బీలు వచ్చాయి, నాకు సంతోషమే, కానీ పాత బార్బీ గౌను బొద్దు బార్బీకి పట్టదు, మళ్ళీ కొనాల్సిందే.

దాచకండి అక్కా, దాస్తే మోజు ఇంకా పెరుగుతుంది. మా టైలరమ్మ దగ్గర మిగిలిన జాకెట్టు ముక్కలు తెచ్చి మా అమ్మాయి ముందు పోశా. అంచు ముక్క నడుముకి చుట్టి పిన్నీసు పెట్టి పరికిణీ చేసేసింది. ఇప్పుడు షాపు గౌన్లు అడగడం బాగా తగ్గింది. ఇల్లు అడిగితే చెప్పుల అట్టపెట్టెలు ఇవ్వండి, కిటికీలు మాత్రం మీరే కోసిపెట్టండి.