అప్‌డేట్: తేలినీలాపురం గూడబాతుల ఫోటోలు

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఈకలు సర్దుకునే గూడబాతును (పెలికాన్) ఫోటో తీస్తే తెల్లటి మూటలా వస్తోంది, తలెక్కడుందో తెలియట్లేదు అని అడిగాను కదా. ఆదివారం టెక్కలి మీదుగా మళ్లీ వెళ్లొచ్చాను.

మీరన్నట్టు కన్ను కనిపించేదాకా ఆగాను. తోక మొదట్లోని గ్రంథి నుంచి ముక్కుతో నూనె తీసుకుని, ఈకలకు రాయడానికి మెడ తిప్పుతుంది చూడండి, ఆ అర సెకనే అసలు ఫోటో! మెడ వంపు, ముక్కు, కన్ను మూడూ దొరికాయి. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు (1/1000). ముక్కు చూసే వైపు ఖాళీ వదిలాను. తెల్ల ఈకల వివరాలు వెలుగుకు చెరిగిపోకుండా ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుగు) కాస్త తగ్గించాను. ఆకాశం బదులు చింతాకులు వెనకాల పడేలా నాలుగడుగులు పక్కకు జరిగాను, తేడా అక్కడే వచ్చింది.

నూట నలభై ఫోటోల్లో నాలుగు నిలిచాయి. అంత పొడుగు ముక్కు కదా, చివర ఇంకా ఫోటో అంచున తెగిపోతోంది. ఈసారి జూమ్ తగ్గించి చూస్తాను.