గొగోల్ ‘వీయ్’ కథలో గిరి ఎందుకు పనిచేయలేదు?

రష్యన్ భాషా రచయిత గొగోల్ కథ ‘వీయ్’ (1835) చదివినవారు నా సందేహం తీర్చగలరా? కీవ్ మతపాఠశాల విద్యార్థి ఖోమా బ్రూట్, ఒక యువతి శవం దగ్గర మూడు రాత్రులు చర్చిలో ప్రార్థనలు చదవాలి. భయంతో చుట్టూ గిరి గీసుకుంటాడు. శవం లేచి గిరి అంచుదాకా వచ్చి కూడా అతన్ని కనిపెట్టలేకపోతుంది. మూడో రాత్రి దయ్యాలు వీయ్‌ను నడిపించుకొస్తాయి: ఇనుప ముఖం, నేలదాకా వేలాడే కనురెప్పలు. రెప్పలెత్తమంటుంది. చూడవద్దని మనసు హెచ్చరిస్తున్నా ఖోమా చూస్తాడు. వీయ్ వేలు చూపిస్తుంది, అంతే, ప్రాణం పోతుంది.

మరి గిరి దాచింది అతని రూపాన్ని మాత్రమేనా? చూపు కలిస్తే దాని శక్తి పోతుందా? ఖోమా భయపడ్డాడు కాబట్టే చచ్చాడని చివర్లో స్నేహితుడు తేల్చేస్తాడు గానీ, తాగుబోతు మాటను ఎంతవరకు నమ్మాలి?

ఇంకొకటి. వీయ్ జానపదుల కల్పనేనని గొగోల్ అధోజ్ఞాపికలో చెప్పాడు. అఫనాస్యెవ్ సేకరించిన రష్యన్ జానపద కథ ‘ఇవాన్ బికోవిచ్’లో రెప్పలెత్తించుకునే ముసలివాడు ఉన్నాడు. ఉక్రెయిన్ జానపద కథల్లో ఇలాంటివాడు ఇంకెక్కడైనా కనిపిస్తాడా? ఇంగ్లీషు అనువాదమైనా ఫరవాలేదు, పుస్తకం పేరు చెప్పండి.