అప్‌డేట్: అల్ ఖుద్రా రెల్లు పొదల్లో పిట్ట ఏంటో తేలింది

పోయిన వారం ఒక మసక ఫోటో పెట్టి అడిగా కదా, దుబాయ్ ఎడారిలో అల్ ఖుద్రా చెరువుల పక్కన రెల్లులో దాక్కునే గోధుమరంగు పిట్ట ఏంటని. సగం మంది ప్రీనియా (వీపు మీద చారలు, పొడుగు తోక ఉండే చిన్న పిట్ట) అన్నారు, మిగతావాళ్ళు క్లామరస్ రీడ్ వార్బ్లర్ (రెల్లులోనే ఉండే, గొంతు పెద్దదైన పిట్ట) అన్నారు. రెండూ కాదండీ, దానికంటే చిన్నదైన మామూలు రీడ్ వార్బ్లరే!

శుక్రవారం తెల్లారకముందే వెళ్ళి ఒకేచోట గంటన్నర కూర్చున్నా, దోమలు పీకి పాకం పెట్టాయి, కానీ చివరికి రెల్లు కాడని అడ్డంగా పట్టుకుని పైకి పాకుతూ వచ్చింది, ఒక్క పది సెకన్లు. వీపు మీద చారల్లేవు, తోక కూడా ప్రీనియాలా పొడుగ్గా లేదు, సో ప్రీనియా అవుట్. కంటిపైన తెల్లగీత ఉందా లేదా అన్నట్టుంది, నడుం కింద మాత్రం కాస్త ఎర్రమట్టి రంగు. పాటైతే ఒక్కో ముక్కనీ రెండు మూడుసార్లు అంటూ గొణుగుడే, హడావుడి లేదు.

క్లామరస్ ఎందుకు కాదంటే, కాసేపటికి పక్క పొదలోంచి అసలు క్లామరస్సే అందుకుంది, అబ్బో ఏం గొంతండీ అది, గరగరమని చెరువంతా వినపడింది! సైజు కూడా పిచ్చుక కంటే పెద్దది, 18 సెంటీమీటర్ల పైనే, ముక్కు పొడుగు. మన పిట్ట 13 ఉంటుందంతే. నా ఫోటోలో పక్కన కొలతకి ఏమీ లేదు కాబట్టి మీ తప్పేం లేదు లెండి. పాట వినమని చెప్పినాయనకి పెద్ద థాంక్స్, కొత్త ఫోటో కూడా మసకే వచ్చింది, నవ్వకండి.