నిద్ర పట్టకపోవడం జబ్బా, మనం చేసుకున్న అలవాటా?

సిరి, వరంగల్: మా అత్తగారికి పక్షవాతం వచ్చాక రాత్రిళ్ళు పక్క మార్చడం, మందులివ్వడం అన్నీ నేనే చూశాను. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, తెల్లారేదాకా మళ్ళీ పట్టదు. ఇంట్లో అందరూ "ఫోన్ చూస్తావు, అందుకే" అంటున్నారు. ఇది జబ్బు కాదా?

రిటైర్డ్ మాస్టారు: జబ్బు కాదమ్మా. సాయంత్రం కాఫీ తాగుతారా? తాగిన ఐదారు గంటలకి కూడా సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది. ముందు అది మానండి.

సిరి, వరంగల్: పొద్దున ఒక్క టీ, అంతేనండీ.

రిటైర్డ్ మాస్టారు: టీలోనూ కెఫీన్ ఉంటుంది. మధ్యాహ్నం కునుకు తీస్తున్నారేమో కూడా చూసుకోండి. పొలం పని చేసొచ్చిన మనిషికి నిద్ర రాకపోవడం నేను చూడలేదు.

నైట్ షిఫ్ట్, గచ్చిబౌలి: పొద్దున ఆరింటికి క్యాబ్ దిగి, ఎండ ముఖాన కొడుతుంటే పడుకోవాలి సార్. టీ మానేస్తే ఒళ్ళు దాన్ని రాత్రి అనుకుంటుందా?

మెడికల్ షాప్, ఖమ్మం: షిఫ్టు వల్ల వచ్చేది వేరు. పడుకునే వీలుండి కూడా వారానికి 3 రాత్రులు, 3 నెలలకు పైగా నిద్ర పట్టక, పగటి పని దెబ్బతింటుంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. సిరి గారిది అలాగే ఉంది. థైరాయిడ్, మెనోపాజ్, డిప్రెషన్ వల్ల కూడా రావచ్చు, ఒకసారి డాక్టరుకు చూపించుకోండి.

రిటైర్డ్ మాస్టారు: అదిగో, డాక్టరు. ఆ వెంటనే మాత్ర.

నిజామాబాద్ వాసి: మాత్రతో జాగ్రత్త. 2015లో మా దిక్కు కల్తీ కల్లు బంద్ చేసినప్పుడు చూశాం. అందులో అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలిపేవారు. అలవాటైనవాళ్ళకు అది దొరక్క నిద్ర లేదు, వణుకు, ఫిట్స్.

సిరి, వరంగల్: నేను మాత్ర అడిగానా? రాసింది ఎవరైనా చదివారా? అత్తగారు దగ్గినా లేచింది నేను. ఆవిడ కన్నకొడుకు పక్క గదిలో హాయిగా పడుకున్నాడు. ఇప్పుడు ఆయనే ఫోన్ వల్ల అంటున్నాడు. మీరు అలవాటు అన్న ప్రతిసారీ తప్పు నాదవుతోంది మాస్టారూ!

రిటైర్డ్ మాస్టారు: నా భార్యకూ ఇదే మొదలైంది. జబ్బన్నారు, మాత్ర రాశారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చీటీ లేకుండానే షాపులో ఇచ్చారు. ఒక రాత్రి మత్తులో బాత్రూంకి వెళ్తూ పడి తుంటి విరిగింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తోంది. ఇక నేను జబ్బని ఎలా ఒప్పుకుంటాను?

మెడికల్ షాప్, ఖమ్మం: చీటీ లేకుండా అమ్మడం నేరమే. అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలోది, ఎవరికి అమ్మామో రిజిస్టర్‌లో రాయాలి. కానీ జబ్బంటే మాత్రే అని ఎవరన్నారు? నిద్రను చెడగొట్టింది ఒకటి, దాన్ని అలాగే నిలబెట్టేది ఇంకొకటి. సిరి గారికి మొదటిది అత్తగారి సేవ. పట్టనప్పుడు మంచం మీదే దొర్లడం, గడియారం చూడటం, "ఇవాళ కూడా ఇంతేనా" అన్న టెన్షన్ రెండోది. మంచం ఎక్కితేనే మెలకువ వచ్చేలా మెదడు తయారవుతుంది. పట్టకపోతే లేచి వేరే గదిలోకి వెళ్ళండి, నిద్ర ముంచుకొచ్చాకే పడుకోండి, రోజూ ఒకే టైముకి లేవండి. నిద్ర గురించిన ఆలోచనలు, అలవాట్లు మార్చే సీబీటీ-ఐ అనే చికిత్సలో ఇదొక భాగం. వయోజనుల దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఆ చికిత్సే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2016లో చెప్పింది.

రిటైర్డ్ మాస్టారు: అంటే అలవాటు మార్చుకోవడమే. నేనన్నదీ అదే.

సిరి, వరంగల్: మీరన్నది టీ మానమని. అర్ధరాత్రి లేచి హాల్లో కూర్చుంటే మా ఇంట్లో ఏమంటారో మీకు తెలియదు.

నైట్ షిఫ్ట్, గచ్చిబౌలి: ఖమ్మం అన్న రాసింది మీవారికి చూపించండి అక్కా.

సిరి, వరంగల్: చూపిస్తాను. మాస్టారూ, అమ్మగారికి ఇప్పుడు నిద్ర పడుతోందా?

రిటైర్డ్ మాస్టారు: లేదు. మొన్న ఆ మాత్రలన్నీ తీసి పారేశాను. అప్పటి నుంచి కన్ను మూయలేదు, చేతులు వణుకుతున్నాయి. ఓర్చుకుంటే అదే పోతుంది.

నిజామాబాద్ వాసి: పోదు సార్! కల్లు ఒక్కసారిగా ఆగినవాళ్ళకే ఫిట్స్ వచ్చాయి.

మెడికల్ షాప్, ఖమ్మం: మాస్టారూ, ఏళ్ళ తరబడి వాడినవి అలా ఆపకూడదు, డాక్టరు చూస్తుండగా కొద్దికొద్దిగా తగ్గించాలి. పొద్దుటిదాకా ఆగకండి. ఆమెను ఇప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, ఏ మాత్రో వాళ్ళకు చెప్పండి.