ఫిరోజా (టర్కాయిస్) ఉంగరం పచ్చబడుతోంది. రాయి నకిలీదా?

సాగరతీరం: నాన్నగారు ఎప్పుడో హైదరాబాద్ పత్తర్‌గట్టిలో కొన్న వెండి ఉంగరం ఇప్పుడు నేను పెట్టుకుంటున్నాను. అప్పట్లో మంచి ఆకాశనీలం రాయి. ఇప్పుడు చర్మానికి ఒరుసుకునే అంచు దగ్గర ఆకుపచ్చ తిరిగింది. ఇంట్లోవాళ్లు "రంగేసిన రాయి అంటగట్టారు" అంటున్నారు.

రఫీ_నగీనా: పచ్చబడిందని నకిలీ అనేయకండి. ఏ పూతా లేని అసలు ఫిరోజాయే ఎక్కువగా అలా మారుతుంది. అది రాగి, అల్యూమినియం ఉన్న ఫాస్ఫేట్, లోపల నీరు కూడా ఉంటుంది. కంటికి కనపడని రంధ్రాలతో చెమట, కొబ్బరినూనె, సెంటు అన్నీ పీల్చుకుంటుంది. ఇనుము పాలు ఎక్కువైతే గనిలోంచే పచ్చగా వస్తుంది. మా దగ్గరికి అఖీక్ (అగేట్ రాయి), ఫిరోజా కోసం వచ్చే షియా కస్టమర్లు ఇరాన్ నిషాపూర్ రాయే అడుగుతారు, గీతల్లేని నిండు నీలం కావాలంటారు.

ఎడారి_తెలుగోడు: మేముండే అరిజోనాలో నల్ల గీతలు సాలెగూడులా అల్లుకుంటే ధర ఇంకా ఎక్కువ! ఇక్కడి స్లీపింగ్ బ్యూటీ రాగి గనిలో 2012లో ఫిరోజా తీయడం ఆపేశారు. ఇప్పుడు షాపుల్లో చాలావరకు రంధ్రాల్లోకి రెసిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు) ఎక్కించినవే. రాయి అసలుదే, రంగు మాత్రం మారదు. కాబట్టి రంగు నిలిచిందని మురిసిపోనక్కర్లేదు.

బుధవారం: ఇది ఏ వేలికి పెట్టుకోవాలి?

రఫీ_నగీనా: అది పంతులుగారిని అడగండి సార్.

కావ్య_పూసలు: నాకు పూసల దండలో హౌలైట్ అంటగట్టారు. అది తెల్లటి రాయి, బూడిదరంగు గీతలు సహజంగానే ఉంటాయి. నీలం రంగు ఎక్కిస్తే అచ్చం ఫిరోజాలా ఉంటుంది. దారం తీసి రంధ్రం లోపల లెన్సుతో చూస్తే తెల్లగా కనిపించింది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదితో తుడిస్తే నీలం అంటింది కూడా.

రఫీ_నగీనా: పాత ఉంగరం మీద మాత్రం ఆ రిమూవర్ ప్రయోగం వద్దు, మెరుగు పోతుంది. పైన మైనం, ప్లాస్టిక్ పూత ఉంటే రంగేసిన రాయి కూడా దూదికి అంటదు. అనుమానం తీరాలంటే ల్యాబ్‌కి ఇవ్వండి.

సాగరతీరం: థాంక్స్ అండీ. ఉంగరం వదులుగా ఉంది, సైజు తగ్గించమని కంసాలికి ఇవ్వొచ్చా?

రఫీ_నగీనా: ఇవ్వండి, కానీ రాయి ఊడదీశాకే మంట పెట్టమనండి. వేడికి లోపలి నీరు పోయి రంగు చెడుతుంది, పగలొచ్చు కూడా. అల్ట్రాసోనిక్ మెషీన్‌లో కడగనివ్వకండి. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.