అమ్మానాన్నలతో చలికాలంలో ఒక్కరోజు: నంది గ్రామం, ముద్దేనహళ్లి, లేపాక్షి కుదురుతాయా?

మారతహళ్లి నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. సంక్రాంతికి ముందు పది రోజులు ఉండిపోదామని అమ్మానాన్న గిద్దలూరు నుంచి వస్తున్నారు. నాన్నకి 71 ఏళ్లు. మోకాళ్ల నొప్పి, పది మెట్లు ఎక్కితే ఆగి ఊపిరి తీసుకోవాలి. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. అమ్మకి పాత గుళ్లంటే ప్రాణం. మా పాపకి ఆరేళ్లు.

ఒకాయన గైడుతో సహా వ్యాన్‌లో తిప్పుతానంటున్నాడు. తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరి నంది కొండ మీద సూర్యోదయం, కింద భోగనందీశ్వరాలయం, ముద్దేనహళ్లి, లేపాక్షి, వస్తూ చిక్కబళ్లాపురం దగ్గర ఆదియోగి శివుడి విగ్రహం. రాత్రి పదకొండుకి ఇల్లు. గైడు ఇంగ్లీషు, హిందీలో చెప్తాడట. అమ్మకి ఆ రెండూ రావు. పెద్దవాళ్లతో ఇదంతా ఒక్కరోజులో అవుతుందా? వెళ్లినవాళ్లు చెప్పండి ప్లీజ్.

హెబ్బాళ నుంచి

బ్రదర్, అవదు. పోయిన డిసెంబరులో మా అత్తామామల్ని ఇలాంటి ప్యాకేజీలోనే తీసుకెళ్లాను. కొండకింద గేటు దగ్గర కార్ల వరుసలోనే తెల్లవారిపోయింది. పైకెళ్లేసరికి చుట్టూ మంచు, పక్కన నిలబడ్డ మనిషి కూడా కనపడలేదు. 1,478 మీటర్ల ఎత్తు, చలిగాలి, మా మామగారికి మధ్యాహ్నానికే ఒళ్లు వెచ్చబడింది. మిగతా గుళ్లన్నీ ఆయన వ్యాన్‌లో కూర్చునే చూశారు. మీరు లేపాక్షి ఇంకో ట్రిప్పుకి ఉంచుకుని నంది చుట్టుపక్కలతో సరిపెట్టండి.

యలహంక నుంచి (పుట్టిల్లు హిందూపురం)

తమ్ముడూ, కొండ వద్దన్న మాట నిజం. కానీ లేపాక్షి వదలొద్దు. అమ్మగారు తెలుగులో గుడి గురించి వినగలిగేది అక్కడే. వచ్చేసారికి నాన్నగారి మోకాళ్లు ఎలా ఉంటాయో ఎవరికి తెలుసు?

పైన కొండ, రాత్రి ఆదియోగి, ఈ రెండూ తీసేయండి. రోజంతా తినేసేవి అవే. మిగిలిన మూడింటికీ హైవే ఒకటే, 44వ నంబరు. చాలామంది దగ్గరిది ముందు చూస్తారు, మీరు దూరంది ముందు పెట్టుకోండి. అయిదున్నరకి బయల్దేరితే దారిలో ఇడ్లీ తిని కూడా తొమ్మిదింటికల్లా లేపాక్షిలో ఉంటారు. బెంగళూరు నుంచి సుమారు 120 కిలోమీటర్లు. బాగేపల్లి దాటాక కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకి తిరగాలి. అక్కణ్ణుంచి రోడ్డుకి రెండువైపులా పొలాలు, గుండ్రాళ్ల గుట్టలు. పాపని కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

ముందు నంది విగ్రహం దగ్గర ఆగండి. ఒకే రాయిలో చెక్కింది, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో గంటల దండ దగ్గరికి వెళ్లి చూడమనండి, ఒక్కో గంట విడిగా కనిపిస్తుంది. గుడి అక్కణ్ణుంచి రెండు వందల మీటర్లే అయినా నాన్నగారిని నడిపించకండి, కారు గుడిదాకా వెళ్తుంది.

గైడుని అక్కడే మాట్లాడుకోండి. గుడి దగ్గర తెలుగువాళ్లే ఉంటారు. ఎంత, ఎంతసేపు అన్నది ముందే తేల్చుకోండి. "పెద్దవాళ్లున్నారు, మెల్లగా, కూర్చోబెట్టి చెప్పాలి" అని కూడా అనండి. లేకపోతే వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి తీసి, నాగలింగం దగ్గర ఫొటో తీసి ఇరవై నిమిషాల్లో ముగించేస్తారు. స్తంభం చూడాల్సిందే, కాదనను. కానీ నా దృష్టిలో లేపాక్షి అంటే నాట్యమండపం కప్పు మీది బొమ్మలు. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన గుడి ఇది. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం కప్పు నిండా ఉంటాయి. అందులో ఆడవాళ్ల చీరల అంచులు చూస్తూ మా అమ్మ గంటసేపు కదల్లేదు.

తల ఎత్తి చూస్తే పెద్దవాళ్లకి మెడ పట్టేస్తుంది, కళ్లు తిరుగుతాయి. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా ఆన్ చేసి అరచేతిలో బల్లపరుపుగా పెట్టి ఇవ్వండి. కప్పు మొత్తం స్క్రీన్ మీద కనిపిస్తుంది, స్తంభం దగ్గర కూర్చునే చూసుకోవచ్చు.

ఇంకో మాట. చెప్పులు బయట వదిలాక పొద్దున రాతినేల మంచుగడ్డలా ఉంటుంది. అందరికీ మందపాటి మేజోళ్లు రెండేసి జతలు పెట్టుకోండి.

హెబ్బాళ నుంచి

అక్కా, కొండ తీసేస్తే అవుతుందంటే ఒప్పుకుంటాను. నేను ఆ లెక్క వేసుకోలేదు. లేపాక్షి నుంచి పన్నెండున్నరకి కదిలితేనే సుమండీ.

కె.ఆర్.పురం నుంచి

క్యాబ్ గురించి ఒకటి. లేపాక్షి ఆంధ్రలో ఉంది. కర్ణాటక పసుపు బోర్డు బండి అయితే ఆంధ్ర పర్మిట్ ఉందా, ఆ ఖర్చు చెప్పిన రేటులో కలిసిందా, టోలు ఎవరిది, ఇవన్నీ బుకింగ్ రోజే మెసేజ్‌లో రాయించుకోండి. మాకు ఒక ట్రావెల్స్ వాళ్లు అన్నీ కలిపే అన్నారు. తీరా బోర్డర్ దగ్గర డ్రైవరు బండి ఆపి పర్మిట్ డబ్బులు మీరే కట్టాలన్నాడు. ముసలివాళ్లని ఎండలో పెట్టుకుని వాదించలేక కట్టేశాం. ఇప్పటికీ తల్చుకుంటే బాధే.

జనవరి పొద్దున దేవనహళ్లి, చిక్కబళ్లాపురం మధ్య మంచు దట్టంగా పడుతుంది. అయిదున్నర కాదు, ఆరున్నరకి బయల్దేరినా నష్టం లేదు. డ్రైవరు తొందరపడితే ఆపి టీ తాగించండి.

మారతహళ్లి నుంచి

అక్కా, అన్నయ్యలూ, చాలా థాంక్స్. ఆ ప్యాకేజీ వద్దని చెప్పేశాను. క్యాబ్ మాట్లాడుతున్నాను, ఆరింటికి బయల్దేరతాం. మధ్యాహ్నం తర్వాత ముద్దేనహళ్లి ముందా, నంది గుడి ముందా? ముద్దేనహళ్లిలో నిజంగా చూడ్డానికి ఏముంది? టైము చాలకపోతే తీసేయొచ్చా?

విద్యారణ్యపుర నుంచి

బాబూ, ఏది తీసేసినా ముద్దేనహళ్లి మాత్రం తీసేయకు. మీ నాన్నగారు ఇరిగేషన్ మనిషి అన్నావు. అది మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1861లో పుట్టిన ఊరు. ఇంటిపేరులోని మోక్షగుండం మీ గిద్దలూరు వైపు ఊరే కదా. వాళ్ల పూర్వీకులు అక్కణ్ణుంచి వచ్చినవాళ్లు. 1903లో పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో నీటి ఒత్తిడికి వాటంతటవే తెరుచుకునే గేట్లు పెట్టించింది ఆయనే. 1908లో మూసీ వరద హైదరాబాదుని ముంచేశాక నిజాం పిలిపించుకున్నదీ ఆయన్నే. గేట్ల దగ్గర ఉద్యోగమంతా గడిపిన మనిషిని ఆ ఊరి పక్కనుంచి తీసుకెళ్తూ ఆగకపోతే ఎలా?

ఆయన ఇల్లు మ్యూజియంగా ఉంది, సమాధి కూడా ఆ ఊళ్లోనే. కళ్లజోడు, కప్పులు, విజిటింగ్ కార్డులు అచ్చువేసిన దిమ్మలు, కృష్ణరాజసాగర డ్యామ్ నమూనా ఉంటాయి. గంట చాలు. మ్యూజియం తెరిచి ఉంచే వేళలు ముందురోజే కనుక్కోండి. అది మూసేలోపు చేరాలి కాబట్టి ముద్దేనహళ్లి ముందు, నంది గ్రామం తర్వాత.

భోగనందీశ్వరాలయానికి సాయంత్రపు ఎండే బాగుంటుంది. గుడి నేలమట్టంగా ఉంటుంది, కొండెక్కే పని లేదు. అక్కడి శాసనాలు 9వ శతాబ్దం నాటివి, తర్వాత చోళులు, హొయసళులు, విజయనగరం వాళ్లు తలా కొంత కలుపుతూ వచ్చారు. అరుణాచలేశ్వరుడు శివుడి బాల్యం, భోగనందీశ్వరుడు యౌవనం, కొండమీది యోగనందీశ్వరుడు వైరాగ్యం అంటారు. కింది రెండు గుళ్ల మధ్య ఉమామహేశ్వరుల గుడి ముందు చిన్న కల్యాణమండపం ఉంది. నల్లరాతి స్తంభాలు. అమ్మగారిని అక్కడ కూర్చోబెట్టు. ఒక్కో స్తంభం మీద ఒక్కో దేవుడు భార్యతో ఉంటాడు, అగ్నీ స్వాహా కూడా. పాపతో వెతికించండి. శృంగితీర్థం కోనేటికి మాత్రం నాలుగువైపులా నిలువు మెట్లు. నాన్నగారు పైనుంచే చూడాలి, పాప చెయ్యి వదలొద్దు.

అక్కడి ఊళ్లలో చాలామందికి తెలుగు వచ్చు. గైడు దొరక్కపోయినా అమ్మగారు ఎవర్నయినా పలకరిస్తే చాలు.

యలహంక నుంచి

పెద్దాయన చెప్పిన వరుసే సరైంది. ఇది అనపకాయల కాలం తమ్ముడూ, ఇక్కడివాళ్లు అవరెకాయి అంటారు. రోడ్డుపక్క కుప్పలు పోసి అమ్ముతుంటారు. జిగటగా చేతికంటుకుని మంచి వాసన వచ్చేవి తీసుకోండి, వాసన లేనివి వద్దు.

మారతహళ్లి నుంచి, వెళ్లొచ్చాక

నిన్న వెళ్లొచ్చాం. మంచు వల్ల లేపాక్షి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. గైడు యాభై ఏళ్లాయన, అక్క చెప్పినట్టే ముందే మాట్లాడుకున్నాం, రెండు గంటలు ఓపిగ్గా చెప్పాడు. సెల్ఫీ కెమెరా ఉపాయం చూసి ఆయనే "నాకూ నేర్పించండి" అన్నాడు. అమ్మ ఫోన్ తిరిగి ఇవ్వలేదు.

ముద్దేనహళ్లికి మూడింటికి చేరాం. కృష్ణరాజసాగర నమూనా ముందు నాన్న కర్ర పాపకి ఇచ్చేసి, రెండు చేతులతో గేటు ఎలా లేస్తుందో చూపించారు. పక్కన ఎవరివో స్కూలు పిల్లలు నలుగురు చేరారు. వాళ్లకి తెలుగు వచ్చో రాదో, కదలకుండా విన్నారు. అక్కడ గంట అనుకుంటే గంటన్నర పట్టింది. నంది గుళ్లో నలభై నిమిషాలే దొరికింది. అగ్ని స్తంభం పాపకి చిక్కింది, కోనేరు సరిగ్గా చూడలేదు.

మేజోళ్లు రెండో జత నిజంగా కావాల్సొచ్చింది, గుడి కడిగిన నీళ్లలో మొదటివి తడిశాయి. తొమ్మిదింటికి ఇల్లు చేరాం. నాన్న మోకాళ్లకి కాపడం పెట్టాం, పొద్దున మామూలుగానే లేచారు. అమ్మ చిక్కబళ్లాపురం దగ్గర రెండు కిలోల అనపకాయలు కొంది. గింజలు నానబెట్టి, ఇప్పుడు పాపతో కలిసి పొట్టు పితుకుతోంది.